వర్లి చాళ్లనుండి వైద్యకళాశాలకు

వైద్యకళాశాలలో స్థానము లభించినదను వార్త తెలిసిన దినమునకును, శవవిచ్ఛేదనశాలలో మొదటిసారి యడుగుపెట్టు దినమునకును నడుమ కొలదివారముల యెడము కలదు. ఈ వారములలో విద్యార్థి యేమి చేయవలెనో చెప్పువారికి కొదవ లేదు. కొందఱు గ్రంథముల పట్టిక నిత్తురు. కొందఱు ఎముకల పేరులు కంఠస్థము చేయుమందురు. కొందఱు హాయిగ నిద్రపొమ్మందురు. మాకు మూడవవారి మాటయే నచ్చినది. కాని బొంబాయి నగరమున వర్లి, కామాటిపుర ప్రాంతముల చాళ్లయందు పెరిగిన తెలుగు బాలునకు, బాలికకు ఆ నిద్ర యంత సులభముగ దొరకునది కాదు. ఏల దొరకదో విచారింతము. రాజధానియందు వైద్యులుగను, న్యాయవాదులుగను, ఉద్యోగులుగను స్థిరపడిన మన పాఠకులకు ఈ చాళ్ల సంగతి దూరపు విషయముగ దోచవచ్చును. అయినను అచటివారు మన భాష మాటలాడువారు. మనలో పెక్కండ్రకు సులభముగ దొరకినవి వారికి దొరకకుండుటకు గల కారణములు తెలిసికొనుట మనకు తగిన పనియే.

ఆ స్థలముల నెఱుగనివారికి ముందుగ రెండు మాటలు. పదునెనిమిదవ శతాబ్దపు తుదిభాగమున హార్న్‌బీ కట్ట సముద్రపు పోటు నరికట్టగా, బొంబాయి దీవుల నడిమి పల్లపు నేలలు క్రమముగ నెండి వాసయోగ్యము లైనవి. నిజాము రాజ్యమునుండి రాతిపనికిని మట్టిపనికిని వచ్చిన తెలుగు కూలీలు కాపురముండిన చోటు కామాటిపురయైనది. ఆ పేరు వినగనే లోకులకు నేడు మఱియొక వ్యాపారము స్ఫురించుట శోచనీయము. పేరు మాత్రము కూలివానిది. ఆ కూలీలలోనుండి గుత్తేదారులై యెదిగిన వెంకు బాలోజీ కాలేవారు, జయా కరాడీ లింగు, రామయ్య వెంకయ్య అయ్యవారు మున్నగువారు 1873లో జ్యోతిబా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగ నిలిచిరి. పిమ్మట బట్టలమిల్లులు వెలసెను. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు ఇంటి మగ్గములు విడిచి మిల్లు మగ్గముల చెంతకు వచ్చిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో అమృతాంజనమును, 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగ బొంబాయిలోనే ప్రారంభించిరన్న సంగతి పాఠకు లెఱుగనిది కాదు.

1920లో ఏర్పడిన బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు కార్మికులకై కట్టించిన చాళ్లలో వర్లియందే 121 కలవు. చాలునకు 80 గదులు. గదికి 160 చదరపు టడుగులు. అందొక కుటుంబము, పండుగకు వచ్చిన చుట్టములు, ఊరినుండి పనికై వచ్చిన మఱదియు నిముడవలెను. 1982 జనవరి 18న ఆరంభమైన మిల్లు కార్మికుల సమ్మె ఆ కుటుంబముల బ్రదుకు మార్చినది. మిల్లులు మరల పూర్వరీతిని తెఱువబడలేదు. తాతకు దొరికిన పని మనుమనికి దొరకదని తేలిపోయిన పిమ్మట, చదువు తప్ప వేఱు దారి లేకపోయెను.

ఇక కళాశాలలో, ఇంటి వాకిటనే యున్నవి. 1845లో స్థాపింపబడిన గ్రాంటు వైద్యకళాశాల బైకల్లాయందు, కామాటిపురకు కూతవేటు దూరమున నున్నది. 1896లో మాండ్వీయందు ప్లేగును గుర్తించిన డాక్టరు అకాసియో వియేగాస్ ఆ కళాశాలలో చదివినవాడు. 1897 జనవరి 10న హాఫ్కిన్ తన శరీరమునందే పరీక్షించుకొనిన ప్లేగు టీకా ఆ కళాశాల ప్రయోగశాలలో తయారైనది. 1921లో వెలసిన నాయరు ఆసుపత్రి కళాశాల మఱియొక ప్రక్కన కలదు. వర్లినుండి పరేలులోని సేఠ్ గోర్ధన్‌దాస్ సుందర్‌దాస్ కళాశాలకును, 1926లో తెఱువబడిన కె. ఇ. ఎం. ఆసుపత్రికిని నడచి పోవచ్చును. చాళ్లవారు జబ్బుపడిన ప్రతిపర్యాయము ఈ ఆసుపత్రులకే పోవుదురు. రోగిగ పోవుటకు చీటి చాలును. విద్యార్థిగ పోవుటకు ఎన్ని చీట్లు కావలెనో చూడుడు.

మార్కులు వచ్చినంత మాత్రమున పని తీరదు. రాష్ట్రపు కోటాలో స్థానమునకు పదవ తరగతియు, పండ్రెండవ తరగతియు మహారాష్ట్రమునందే ఉత్తీర్ణుడై యుండవలెను. నివాస ధ్రువపత్రము కావలెను. ఇవి దొరకును. చిక్కు వెనుకబడిన తరగతుల కులధ్రువపత్రమున నున్నది. మహారాష్ట్రమున ఇతర వెనుకబడిన వర్గములవారు 1967 అక్టోబరు 13కు ముందునుండియు, షెడ్యూల్డు కులములవారు 1950 ఆగస్టు 10కు ముందునుండియు తమ పూర్వులు ఆ రాష్ట్రమున నివసించుచుండిరని చూపవలెను. తాత యే సంవత్సరమున రైలు దిగెనో మనుమరాలు కాగితముతో ఋజువు చేయవలెనన్నమాట. పిమ్మట 2000 సంవత్సరపు చట్టమును బట్టి యేర్పడిన పరిశీలనసమితి ఆ పత్రమును మరల పరీక్షించును. ఋజువు చేయు భారమంతయు కోరువారిపైననే.

మిల్లు మూతపడినది, కావున సేవాపత్రమునకై పోయి యడుగుటకు గుమాస్తా లేడు. చాలు అద్దె రసీదు తాత పేర నున్నదో, తాతకు గది నప్పగించిన వేఱొకని పేర నున్నదో చూచుకొనవలెను. మునిసిపలు పాఠశాల రిజిస్టరులో కులమను గడియందు ఒకచో పద్మశాలి యనియు, ఒకచో శాలి యనియు, వేఱొకచో మహారాష్ట్రులు మనవారిని పిలుచు తెలంగీ యను పేరును వ్రాయబడియుండవచ్చును. పేరుల సంగతి మఱియు చిత్రము. మనకు ఇంటిపేరు ముందుండును. అచటి యలవాటున స్వనామము, తండ్రిపేరు, పిదప ఇంటిపేరు. తాత కాగితములలో తెలుగు వరుసయు, మనుమరాలి కాగితములలో మరాఠీ వరుసయు నున్నచో, ఇరువురు నొక యింటివారని ప్రమాణపత్రము వ్రాయింపవలెను. ఈ వారములలో నిద్ర చెడగొట్టునవి ఎముకల పేరులు కావు, ఈ కాగితములే. ఎనిమిదవ తరగతిలోనే వీనిని సంపాదింప మొదలుపెట్టిన కుటుంబమునకు వేసవి సుఖముగ గడచును. ఫలితములు వచ్చిన పిమ్మట ఇనుపపెట్టె తెఱచిన కుటుంబమునకు గడువులతో పరుగు తప్పదు. 2024లో మహారాష్ట్ర ప్రభుత్వము సంవత్సరాదాయము 8 లక్షలకు లోబడిన వెనుకబడిన వర్గముల, ఆర్థికముగ బలహీనులైన వర్గముల బాలికలకు వృత్తివిద్యలలో రుసుము రద్దుచేసినది. మేలైన పనియే. అయితే దానిని పొందుటకును మరల పత్రములే కావలెను.

భాష సంగతికి వత్తము. బొంబాయి నగరపాలక సంఘము తెలుగున బోధించు పాఠశాలలను చిరకాలముగ నడపుచు వచ్చినది; వానిలో విద్యార్థుల సంఖ్య క్రమముగ తగ్గుచు వచ్చినది. తల్లిదండ్రుల దోషమని మేమనజాలము. 2017లో అఖిలభారత వైద్యప్రవేశ పరీక్షను తెలుగునను వ్రాయవచ్చునని యేర్పాటు చేసిరి గాని, తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలోని కేంద్రములయందు మాత్రమే లభించును. వర్లిలో తెలుగున చదివిన బాలుడు వర్లిలో తెలుగున పరీక్ష వ్రాయలేడు. ఇంగ్లీషునో, హిందీనో, మరాఠీనో పట్టవలెను. పాఠశాల భాష మనదైనను పరీక్షాద్వారమున దానిని విడువక తప్పదన్నచో, ఆ పాఠశాలకు పిల్లల నెవరు పంపుదురు?

కళాశాలలో బోధన యింగ్లీషుననే జరుగును. దేశభాషలయందు వైద్యము చెప్పుట యసాధ్యమను వాదమును మేమంగీకరింపము. ఈ చాళ్లవారి స్వస్థలమైన నిజాము రాజ్యమున, 1846లో హైదరాబాదునందు స్థాపింపబడిన వైద్యపాఠశాలలో ఉర్దూభాషయందే వైద్యము బోధించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున 1948 వఱకు ఆ పద్ధతియే సాగినది. 2022 అక్టోబరున మధ్యప్రదేశ ప్రభుత్వము ప్రథమవర్షపు శాస్త్రములకు హిందీ గ్రంథములను వెలువరించినది. తెలంగాణమునుండి పోయిన ప్రజల భాష తెలుగై, అచటి వైద్యము ఉర్దూలో నడచినదను సంగతి వేఱొక చర్చకు దారితీయును, దానినిట విడిచెదము. కళాశాలలో జేరబోవు నేటి విద్యార్థి యీ వాదము తేలువఱకు వేచియుండలేడు. అతడు చేయదగిన పని యొకటి కలదు: తెలిసిన తెలుగుమాటలను వెంట తీసికొనిపోవుట.

మోకాలి ముందటి యెముకను లాటినున పటెల్లా యందురు. అనగా చిన్న పళ్లెము. మన యవ్వ దానిని మోకాటి చిప్ప యనును. రోమనులును మన యవ్వయు నొకే పోలికను జూచిరి. వెన్నెముక తునుకను మనము పూస యంటిమి, దారమున గ్రుచ్చినట్లుండుటచేత. పిక్క, చీలమండ, మణికట్టు, తుంటి, దవడ, ప్రక్కటెముక, ఇవియన్నియు ఇంటిలో నిత్యము వినబడు మాటలే. క్రొత్తశాస్త్రమనుకొనుచున్నదానిలో మూడవవంతునకు తనయొద్ద పేరులున్నవని తెలిసినచో విద్యార్థికి మొదటి నెలలో గలుగు బెదురు తీరును.

పద్మశాలి బిడ్డకు మఱియొక సంపద కలదు. సూక్ష్మదర్శినితో శరీరపు పొరలను పరిశీలించు శాస్త్రమును హిస్టాలజీ యందురు. హిస్టాస్ అను గ్రీకు పదమునకు మగ్గమనియు, మగ్గముపై నేతయనియు నర్థము. టిష్యూ యనుమాట ఫ్రెంచి భాషలో నేయబడినదను నర్థమునుండి వచ్చినది. దానిని శరీరమునకు అన్వయించి, సూక్ష్మదర్శిని లేకయే 21 విధముల నేతలను వేఱుపఱచినవాడు ముప్పది రెండవయేటికి ముందే మరణించిన బిషా యను ఫ్రెంచి వైద్యుడు. ఆచార్యుడు గాజుపలక చూపి పోగులు అడ్డముగను నిలువుగను నల్లుకొనిన తీరు వర్ణించునపుడు, పడుగు పేకల నెఱిగిన యింటి బిడ్డకు అది క్రొత్త కాదు. ఈ సంగతి నింతవఱకు ఏ పాఠ్యగ్రంథమైన మిల్లువాని బిడ్డకు చెప్పినట్లు మే మెఱుగము.

మిల్లు ఇచ్చినది పోలికలు మాత్రమే కాదు. దూదిధూళి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడు వ్యాధికి బిస్సినోసిస్ అని పేరు. సెలవుదినము గడచి పనికి మరలిన మొదటిదినమున ఎద బిగియుట దాని తొలి గుర్తు. తాత ప్రతివారము మొదటిదినమున ఆయాసపడెడివాడని యింటిలో చెప్పుకొను మాటకు వైద్యగ్రంథమున నొక యధ్యాయము గలదని, ఊపిరి కొలుచు యంత్రమును ప్రథమవర్షమున చేతబట్టిన నాడు మనుమరాలికి తెలియును. వైద్యవిద్యకు దీనికంటె మంచి ప్రారంభము వేఱొకటి యుండునా?

ఇపుడు చదువుకొను చోటు. 160 చదరపుటడుగులలో ప్రత్యేకముగ నొక బల్ల వేయుటకు వీలు లేదు. రాత్రి పదిగంటలకు పడకలు పఱచిన పిమ్మట వరండాయే పాఠశాల. 2025 ఆగస్టున వర్లి చాళ్లు పడగొట్టి కట్టిన క్రొత్తభవనములలో 556 కుటుంబములకు 500 చదరపుటడుగుల యిండ్ల తాళములిచ్చిరి. వారి పిల్లలకు తలుపు వేసికొని చదువుటకు వీలు కలిగినది. తక్కినవారు పాఠశాల తెఱువకముందే కళాశాల గ్రంథాలయపు వేళలు తెలిసికొనుట మేలు. నగరమునందే యిల్లున్నదను కారణముచేత వసతిగృహమున చోటడుగుటకు సంకోచింపరాదు. అడుగనివారికి ఎట్లును దొరకదు.

గ్రంథముల మాట. శరీరనిర్మాణము, శరీరధర్మము, జీవరసాయనము, ఈ మూడును ప్రథమవర్షపు శాస్త్రములు. పూర్వము వీనికి పదునెనిమిది మాసములుండెను. 1997 నిబంధనలతో అది యొక సంవత్సరమైనది. 2019లో వచ్చిన క్రొత్తపద్ధతి మరల కొంత హెచ్చించి, మొదట నొక మాసము పరిచయపాఠములకు కేటాయించినది. అందు స్థానికభాష, ప్రథమచికిత్స, కంప్యూటరు వాడుక మున్నగునవి చేరినవి. 2023 నిబంధనల ప్రకారము ప్రథమవర్షపు పరీక్షకు నాలుగు పర్యాయములకు మించి యవకాశము లేదు. ఇది విని బెదరి ముందుగనే లావుపాటి గ్రంథములు కొని చదువబూనుట వ్యర్థము. శవమును చూడక చదివిన నిర్మాణశాస్త్రము, నీటిలో దిగక చదివిన యీతవంటిది. ఇంగ్లీషు వేగముగ చదువుటను, విన్నది విన్నట్లు వ్రాసికొనుటను అభ్యసించుటయే ఈ వారములకు తగిన పని. 206 ఎముకలు పాఱిపోవు. పూర్వము విద్యార్థులు అర్ధకంకాళమును పైతరగతివారివద్ద కొనెడివారు. ప్రపంచపు కళాశాలలకు ఎముకలంపిన భారతదేశము 1985లో ఆ యెగుమతిని నిషేధించినది. నేడు ప్లాస్టిక్కు నమూనాలు చౌకగ దొరకుచున్నవి. పండ్రెండుమందిగ కలిసి యొకటి కొనినను చాలును.

జీవరసాయన ప్రయోగశాలలో రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతియొకటి నేర్పుదురు. 1925లో వెలువడిన ఆ పద్ధతికి ఫిస్కె-సుబ్బారావు పద్ధతియని పేరు. ఆ రెండవయాయన భీమవరమున 1895లో జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషను మూడవపర్యాయముగాని గట్టెక్కనివాడు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించుట కారణముగ పూర్తి పట్టమునకు మాఱుగ ఎల్. ఎం. ఎస్. మాత్రము పొందినవాడు, మామగారి ధనసహాయముతో హార్వర్డు చేరినవాడు. చాలు పిల్లకు ఇట్టి మామగా రెవరు?

విచ్ఛేదనశాలను గుఱించి చెప్పక ఈ వ్యాసము ముగింపరాదు. ఔషధపు ఘాటునకు కన్నులు నీరు గ్రమ్మును. పరగడుపున పోయి గంటలకొలది నిలుచుండినచో తల తిరుగును, కావున భుజించియే పోవలెను. ఇవి చిన్న సంగతులు. పెద్ద సంగతి బల్లపై పరుండినవానిది. బొంబాయి అనాటమీ చట్టము 1949లో వచ్చినది. ఆసుపత్రులలోను వీధులలోను మరణించి, బంధువులెవరును వచ్చి కోరని దేహములను కళాశాలల కప్పగించుటకు ఆ చట్టము వీలు కల్పించినది. తమ యిష్టముచే దేహదానము చేయువారు తరువాతి కాలమున హెచ్చిరి. కోరువారు లేక మరణించునది యెవరు? ఊరు విడిచి నగరమునకు వచ్చినవారు, కాలిబాటపై పరుండినవారు, ఉత్తరము వ్రాయుటకు చిరునామా లేనివారు. కామాటిపురకు వచ్చిన మొదటి కూలీలవంటివారే. క్రొత్తపద్ధతిలో ఆ మృతదేహమునే ప్రథమగురువుగ భావింపవలెనని విద్యార్థులకు బోధించుచున్నారు. పని మొదలిడుటకు ముందు ప్రమాణము చేయించుచున్నారు. సుఖముగ పెరిగిన విద్యార్థికి ఆ ప్రమాణము మర్యాదగ దోచును. చాలునుండి వచ్చినవానికి ఆ చేతి కాయలు తెలిసినవి. భుజముపై బరువు మోసిన గుర్తులు తెలిసినవి. ఆ తెలివి యతనికి భారమగునా, బలమగునా యన్నది మొదటి మాసముననే తేలును. ఆ దినములలో ఇంటివారు మార్కులగూర్చి యడుగక, ఏమి చూచితివని యడుగుట మంచిది. వినలేకపోయినను ఓర్చి వినవలెను. మాంసము వండినదినమున తినకున్నచో బలవంతపెట్టరాదు.

రోగులయెదుట మాత్రము ఈ విద్యార్థి యెవరికిని వెనుకబడడు. ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, రైలులో హిందీ, మూడును అతనికి నాలుకపై నున్నవి. దేశపు నలుమూలలనుండి వచ్చిన సహాధ్యాయులు పరిచయపాఠములలో స్థానికభాష నేర్చుకొనుచుండగ, అతడు వార్డులో ముసలమ్మతో మాటలాడుచుండును.

పాఠకులు చేయగలిగిన సాయము కొంత కలదు. ధనము మాత్రమే కాదు. న్యాయవాదులు వేసవిలో నొక ఆదివారము చాలులో కూర్చుండి, పేరుల వరుస మాఱిన కాగితములకు ప్రమాణపత్రములు వ్రాసియిచ్చినచో, గడువు దాటి స్థానము పోగొట్టుకొనెడివా రొకరిద్దఱు మిగులుదురు. ప్రభుత్వోద్యోగులు తెలుగు ప్రశ్నపత్రము తెలుగువారున్న ప్రతి నగరమునను లభింపవలెనని తగినచోట వ్రాయవచ్చును. పరీక్ష నడపువారి కార్యాలయము రాజధానియందే యున్నది. వైద్యుల యిండ్ల యటకలమీద గ్రే, కన్నింగ్‌హాము, చౌరాసియా గ్రంథములు దుమ్ముపట్టి యుండును. కూర్పులు పాతబడినను ఎముకలు మాఱలేదు. వానిని దులిపి, కట్టగట్టి, దాదరులోని ఆంధ్ర మహాసభకు పంపవచ్చును. పుటలలోని పెన్సిలు గీతలు చెఱుపనక్కఱలేదు.